చేతిలో పట్టే గేమ్ కన్సోళ్లు: పోటీలో ఏది నిలబడ్డది, మర్రిగూడలో ఏది నడుస్తది?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. ఆ ప్రశ్న మా ఊరి నుంచే వచ్చింది. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ. అక్కడ మొబైల్ షాపు నడిపే ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేసిండు.

"అన్నా, రీచార్జులల్ల ఏం మిగుల్తలేదు. కవర్లు, గ్లాసులు అందరూ అమ్ముతున్నరు. పట్నంల పోరగాళ్లు చేతిల పట్టుకొని ఆడే గేమ్ కన్సోళ్లు కొంటున్నరట గదా. లక్షన్నర పెట్టి మూడో నాలుగో తెచ్చి షాపుల పెడ్దామనుకుంటున్న. నడుస్తదా? ఏది తేవాలె?" అని అడిగిండు.

ఆ లక్షన్నర ఎక్కడిది తమ్మీ అని అడిగిన. సగం వాళ్ల నాన్న పత్తి అమ్మిన పైసలు, సగం వాళ్ల అమ్మ మహిళా సంఘంలో తీసుకున్న లోను. అది విన్నంక నాకు నోట మాట రాలేదు. వారం టైం ఇవ్వు, లెక్క చూసి చెప్త అన్న. ఆ వారంలో నేను చూసుకున్న లెక్కలే ఇవి. కొనాలనుకునేటోళ్లకు, అమ్మాలనుకునేటోళ్లకు, ఇంట్లో పిల్లలు అడుగుతున్న తల్లిదండ్రులకు కూడా పనికొస్తయి.

ముందు అసలు వస్తువు ఏందో చూద్దాం

హ్యాండ్‌హెల్డ్ కన్సోల్ అంటే తెర, బటన్లు, బ్యాటరీ, ఆట నడిపే ప్రాసెసర్ అన్నీ ఒకే డబ్బాలో ఉండే యంత్రం. టీవీ అక్కర్లేదు. బస్సులో ఆడొచ్చు, మంచంలో పండుకొని ఆడొచ్చు. మన దిక్కు దీన్ని వీడియో గేమ్ అనే అంటరు.

మా తరానికి వీడియో గేమ్ అంటే ముందుగాల యాదికొచ్చేది ఇటుకల గేమ్. చెర్వుగట్టు జాతరకు పోతే గాజుల దుకాణాల పక్కన, బొమ్మల దుకాణాలల్లో పెట్టి అమ్మేటోళ్లు. మీద '9999 ఇన్ 1' అని రాసి ఉండేది. లోపల నిజంగా అన్ని ఆటలేం ఉండకపోయేది. ఉన్న నాలుగైదు ఆటలనే వేగం మార్చి, లెవెల్ మార్చి అన్నిసార్లు లెక్కపెట్టేటోళ్లు. పెన్సిల్ సెల్లు వేస్తే మాత్రం మస్తు రోజులు నడిచేది.

పై నుంచి పడే ఇటుకలను సందు లేకుండా పేర్చే ఆ ఆట అసలు పేరు టెట్రిస్. 1980లలో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ప్రోగ్రామర్ తయారు చేసిండు. పేరు తెలవకుండనే మనమంతా ఆడినం. ఈ టెట్రిస్‌ను కొంచెం గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకే వస్తం.

1989: రంగుల తెర ఓడిపోయిన కథ

1989లో జపాన్ కంపెనీ నింటెండో గేమ్‌బాయ్ తెచ్చింది. అమెరికాలో ధర దాదాపు 90 డాలర్లు. తెరకు రంగుల్లేవు. లేత ఆకుపచ్చ తెర మీద ముదురు బొమ్మలు కదిలేవి. తెర వెనక లైటు లేదు కాబట్టి చీకట్లో ఏం కనిపించేది కాదు.

అదే ఏడాది అటారీ కంపెనీ లింక్స్ తెచ్చింది. రంగుల తెర, వెనక లైటు, ధర దాదాపు 180 డాలర్లు. 1990లో జపాన్‌లో, ఆ మరుసటి ఏడాది అమెరికాలో సెగా కంపెనీ గేమ్‌గేర్ తెచ్చింది. అది కూడా రంగుల తెరనే. ధర దాదాపు 150 డాలర్లు. ట్యూనర్ అనే ఒక ముక్క విడిగా కొని తగిలిస్తే అందులో టీవీ కూడా చూడొచ్చు.

ఈ మూడింటిని షాపులో పక్కపక్కన పెట్టి చూపిస్తే గేమ్‌బాయ్‌ను ఎవరైనా పట్టుకుంటరా? కానీ గెలిచింది గేమ్‌బాయే. తర్వాత వచ్చిన రంగుల గేమ్‌బాయ్‌తో కలిపి దాదాపు 11 కోట్ల 87 లక్షలు అమ్ముడుపోయినయి. గేమ్‌గేర్ కోటి దాటి కొంచెం దూరం పోయి ఆగింది. లింక్స్ అంత దూరం కూడా రాలేదు.

ఎందుకంటే, సెల్లు. గేమ్‌గేర్‌లో ఆరు పెన్సిల్ సెల్లు వెయ్యాలె. మూడు నుంచి ఐదు గంటల్లో అయిపోతయి. లింక్స్‌కు కూడా ఆరు, అది కూడా నాలుగైదు గంటలే. గేమ్‌బాయ్‌కు నాలుగు సెల్లు వేస్తే పదిహేను గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే నడిచేది.

మన లెక్కలో చూద్దాం. ఒక సెల్లు పది రూపాయలు అనుకోండి. గేమ్‌గేర్‌కు ఆరు సెల్లు, 60 రూపాయలు, నాలుగు గంటల ఆట. అంటే గంటకు 15 రూపాయలు. గేమ్‌బాయ్‌కు నాలుగు సెల్లు, 40 రూపాయలు, పదిహేను గంటల ఆట. గంటకు మూడు రూపాయలు కూడా కాదు. పెట్టె కొన్ననాడు ధరలో తేడా రెండింతలు కూడా లేదు. కానీ ఆడటం మొదలుపెట్టినంక రోజువారీ ఖర్చులో తేడా ఐదింతలు. ఆ ఖర్చు పెట్టేది పిల్లలు కాదు, తల్లిదండ్రులు. ఇంక చూస్కోండి.

గేమ్‌బాయ్ తయారీని నడిపించిన ఇంజనీర్ గున్‌పెయ్ యొకోయ్ ఆలోచన ఇదే. బాగా పాతబడి, చవకై, గట్టిదని తేలిన టెక్నాలజీని తీసుకొని కొత్త పనికి వాడాలె అనేటోడు. కొత్త టెక్నాలజీ మీద మోజు పెట్టుకోలేదు.

రెండో కారణం ఆటలు. అమెరికాలో గేమ్‌బాయ్ పెట్టెలోనే టెట్రిస్ పెట్టి అమ్మిండ్రు. మన జాతరలో దొరికిన ఆటనే. చిన్న పిల్లలు ఆడొచ్చు, ఆఫీసుకు పొయ్యేటోళ్లు ఆడొచ్చు, రంగులు కూడా అక్కర్లేదు. తర్వాత 1996లో జపాన్‌లో పోకేమాన్ వచ్చింది. దాన్ని రెండు రకాలుగా అమ్మిండ్రు. కొన్ని జీవులు ఒకదాంట్లోనే ఉంటయి. అన్నీ సంపాదించాలంటే స్నేహితుని గేమ్‌బాయ్‌కు కేబుల్ పెట్టి మార్చుకోవాలె. అంటే నీ దగ్గర గేమ్‌బాయ్ ఉంటే సరిపోదు, నీ స్నేహితుని దగ్గర కూడా ఉండాలె. ఒకరు కొంటే పక్కోడు కూడా కొనాల్సిందే.

కాబట్టి మూడు ప్రశ్నలు రాసుకోండి. ఒకటి, కొన్నంక ఎంత ఖర్చు? రెండు, ఒక్కసారికి ఎంతసేపు నడుస్తది? మూడు, ఆడటానికి ఏముంది, ఎవరితో ఆడాలె? తర్వాత వచ్చిన ప్రతి పోటీని ఈ మూడింటితో చూడొచ్చు.

2003, 2004: నోకియా, నింటెండో, సోనీ

నోకియా అంటే మనకు పాము గేమ్. 1997లో 6110 ఫోన్‌తో వచ్చిన ఆ పాము, తర్వాత ఊరూరికీ చేరింది. ఆ నోకియానే 2003 అక్టోబర్‌లో ఎన్‌-గేజ్ అని ఒకటి తెచ్చింది. ఫోనూ అదే, గేమ్ కన్సోలూ అదే. ఆలోచన ఎంత బాగుందో చూడండి. ఇయ్యాల మనమంతా చేస్తున్నది అదే కదా.

కానీ ధర 299 డాలర్లు. అప్పుడు నింటెండో గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ 100 డాలర్లకే దొరుకుతున్నది. ఎన్‌-గేజ్‌లో ఒక ఆట తీసి ఇంకో ఆట పెట్టాలంటే వెనక మూత తీసి, బ్యాటరీ పీకి, అప్పుడు కార్డు మార్చాలె. ఫోన్ మాట్లాడాలంటే దాన్ని పక్కకు తిప్పి, అంచును చెవికి ఆనించాలె. చూసినోళ్లు నవ్విండ్రు. మరుసటి ఏడాది ఆ లోపాలు సరిచేసి క్యూడీ అనే మోడల్ తెచ్చిండ్రు గానీ అప్పటికే పేరు చెడింది.

2004 చివర్లో నింటెండో డీఎస్, సోనీ పీఎస్‌పీ నెల రోజుల తేడాలో వచ్చినయి. పీఎస్‌పీ తెర పెద్దది, బొమ్మ బాగుంటది, సినిమాలు చూడొచ్చు, పాటలు వినొచ్చు. అమెరికాలో 250 డాలర్లు. డీఎస్ 150 డాలర్లు. దానికి రెండు చిన్న తెరలు, ఒకటి పుల్లతో ముట్టుకొని ఆడేది. అందరూ సోనీ గెలుస్తదనే అనుకున్నరు.

పీఎస్‌పీ ఓడిపోయిందని నేను అనను. 8 కోట్ల చుట్టుపక్కల అమ్ముడుపోయింది, చిన్న సంఖ్య కాదు. కానీ డీఎస్ 15 కోట్ల 40 లక్షలు అమ్ముడుపోయింది. తేడా ఎక్కడొచ్చింది? పీఎస్‌పీ అంతకుముందే గేమ్స్ ఆడేటోళ్లకు నచ్చింది. డీఎస్ ఎప్పుడూ ఆడనోళ్లకు కూడా నచ్చింది. మెదడుకు పని పెట్టే చిన్న లెక్కల ఆటలు, కుక్కపిల్లను పెంచే ఆట, ఇట్లాంటివి తెచ్చి పెద్దవయసు వాళ్లతో కూడా కొనిపించిండ్రు.

2011: ధర తగ్గించినోడు బతికిండు

2011లో కథ ఇంకో మలుపు తిరిగింది. నింటెండో 3డీఎస్ తెచ్చింది, 250 డాలర్లు. అద్దాలు పెట్టుకోకుండనే బొమ్మ లోతుగా కనిపిస్తది అని ప్రచారం. కానీ ఆటలు తక్కువ, ధర ఎక్కువ. అమ్మకాలు పడిపోయినయి. ఆర్నెల్లు కూడా కాకముందే ధరను 170 డాలర్లకు దించిండ్రు. కంపెనీ అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతం సగం కోసుకున్నడు. ముందుగా ఎక్కువ ధరకు కొన్నోళ్లకు ఇరవై పాత ఆటలు ఉచితంగా ఇచ్చిండ్రు. తప్పు ఒప్పుకొని సరిచేసిండ్రు. చివరికి 3డీఎస్ 7 కోట్ల 59 లక్షలు అమ్ముడుపోయింది.

అదే ఏడాది డిసెంబర్‌లో సోనీ వీటా వచ్చింది. ఇప్పటికీ దాన్ని చేతిలో పట్టుకున్నోళ్లు ఎంత అందంగా ఉంది అంటరు. కానీ మామూలు మెమరీ కార్డు అందులో పనిచేయదు. సోనీ సొంత కార్డే కొనాలె. అమెరికాలో 32 జీబీ కార్డు ధర 100 డాలర్లు. యంత్రం 250, కార్డు 100! మళ్లీ అదే, కొన్నంక ఖర్చు. పీఎస్‌పీని జపాన్‌లో నిలబెట్టిన మాన్‌స్టర్ హంటర్ ఆట కూడా ఈసారి నింటెండో దిక్కు పోయింది. కొన్నాళ్లకు వీటా అమ్మకాల లెక్క విడిగా చెప్పడమే సోనీ మానేసింది.

ఇంకో మాట. ఈ ఇద్దరికీ అప్పటికే మూడో పోటీదారు వచ్చిండు. అందరి జేబుల్లో టచ్ ఫోన్ వచ్చేసింది.

ఇప్పటి పోటీ

2017 మార్చిలో నింటెండో స్విచ్ వచ్చింది. ఇంట్లో టీవీకి పెట్టుకోవచ్చు, బయటికి పోతే చేతిలో పట్టుకోవచ్చు. 300 డాలర్లు. ఇప్పటికి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది, 450 డాలర్లు. మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్మినమని కంపెనీ చెప్పింది.

ఇంకో దిక్కు 2022లో వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ తెచ్చింది. ఇది చేతిలో పట్టే కంప్యూటర్ లాంటిది. కంప్యూటర్లో కొనుక్కున్న ఆటలనే ఇందులో ఆడొచ్చు. దాన్ని చూసి 2023లో అసుస్ రాగ్ అలై తెచ్చింది, అందులో విండోస్ ఉంటది. తర్వాత లెనోవో, ఎంఎస్ఐ కూడా దిగినయి. 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్, అసుస్ కలిసి రాగ్ ఎక్స్‌బాక్స్ అలై తెచ్చినయి. దాని పెద్ద మోడల్ అమెరికాలోనే వెయ్యి డాలర్లు.

బలం చూస్తే ఈ విండోస్ యంత్రాలే ఎక్కువ. కానీ బ్యాటరీ చూడండి. మొదటి రాగ్ అలైలో 40 వాట్-అవర్ బ్యాటరీ ఉంది. ప్రాసెసర్‌ను 25 వాట్లతో నడిపిస్తే, తెర ఖర్చు కూడా కలుపుకుంటే గంటన్నర కూడా రావడం కష్టం. మర్రిగూడలో బస్సెక్కి మాల్ మీదుగా ఇబ్రహీంపట్నం చేరేలోపే చార్జింగ్ అయిపోతది. 1991లో గేమ్‌గేర్‌కు వచ్చిన కష్టమే ఇది. ఆ సంగతి అసుస్‌కు కూడా అర్థమైంది కాబట్టే 2024లో వచ్చిన రాగ్ అలై ఎక్స్‌లో బ్యాటరీని 80 వాట్-అవర్‌కు, అంటే సరిగ్గా రెండింతలు చేసిండ్రు.

మన దేశంలో నాలుగో ప్రశ్న

ఇప్పటిదాకా చెప్పింది అమెరికా, జపాన్ కథ. మన దగ్గరికి వస్తే ఆ మూడు ప్రశ్నలకు తోడు నాలుగోది ఉంది. చెడిపోతే ఎవరు చూస్తరు?

నింటెండో మన దేశంలో నేరుగా అమ్మదు. మనకు దొరికే స్విచ్‌లు బయటి దేశాల నుంచి వచ్చినవి. దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో తెచ్చినవి అబిడ్స్ జగదీష్ మార్కెట్లోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో, ఆన్‌లైన్లోనో దొరుకుతయి. ధర అమ్మేటోని ఇష్టం. కంపెనీ వారంటీ మన దగ్గర చెల్లదు. ఆటలు ఆన్‌లైన్లో కొనాలంటే నింటెండో దుకాణంలో మన దేశం పేరే లేదు, ఇంకో దేశం పేరుతో ఖాతా తెరవాలె. ఆటల ధర కూడా తక్కువ కాదు. స్విచ్ 2తో వచ్చిన మారియో కార్ట్ వరల్డ్ ఒక్కటే 80 డాలర్లు, అంటే దాదాపు ఏడు వేలు. స్టీమ్ డెక్ పరిస్థితి కూడా అంతే, వాల్వ్ మన దేశంలో అమ్మడం లేదు.

అసుస్ మాత్రం అధికారికంగా అమ్ముతది. రాగ్ అలై 2023 జూలైలో మన దేశంలో 69,990 రూపాయలకు వచ్చింది. బిల్లు ఇస్తరు, వారంటీ ఉంటది, సర్వీస్ సెంటర్ ఉంటది. ఆటలు స్టీమ్‌లో రూపాయల్లోనే కొనొచ్చు, డిస్కౌంట్లు కూడా వస్తయి.

ఇంకోటి ఉంది, సోనీ ప్లేస్టేషన్ పోర్టల్. 2024లో మన దేశంలో 18,990కి వచ్చింది. ధర చూసి ఆగం కావద్దు. ఇంట్లో ఉన్న పీఎస్5 నుంచి వైఫై మీద ఆటను తెచ్చి చూపించడమే దాని పని. పీఎస్5 లేనోళ్ల ఇంట్లో అది ఉత్త తెర. తెలవకుండ అమ్మితే, కొన్నోడు తెల్లారి షాపు ముందుకు వచ్చి నిలబడ్తడు.

పన్ను సంగతి కూడా చెప్త. గేమ్ కన్సోళ్ల మీద జీఎస్టీ మొదట 28 శాతం ఉండె. 2019 జనవరి నుంచి 18 శాతం చేసిండ్రు. అయినా బయటి దేశం నుంచి వచ్చేది కాబట్టి దిగుమతి సుంకం, డాలర్ రేటు అన్నీ నెత్తిన పడ్తయి.

అసలు పోటీదారు ఎవరు?

తమ్మీ, ఇప్పుడు నీ షాపు దగ్గరికి వద్దాం. నువ్వు స్విచ్ మంచిదా, రాగ్ మంచిదా అని అడిగినవు. మర్రిగూడలో ఆ రెండింటికీ ఒకదానితో ఒకటికి పోటీ లేదు. రెండింటికీ పోటీ నువ్వు అమ్మే పన్నెండు వేల ఫోన్‌తోని.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినంక మన ఊర్లల్లో పిల్లలు గేమ్స్ ఆడటం నేర్చుకున్నది ఫోన్‌లోనే. టీవీకి కన్సోల్ పెట్టి ఆడే అలవాటు ఎక్కువ మందికి లేదు. ఫోన్ కొనేటప్పుడు ఎవరూ "గేమ్ కోసం కొంటున్నం" అని అనరు. చదువుకు, ఫోన్‌పేకు, మాట్లాడటానికి కొంటరు. ఆట దాంట్లో ఉచితంగా వస్తది. ఫోన్ ఈఎంఐ మీద కూడా దొరుకుతది. కన్సోల్ కొనాలంటే ఇంట్లో పెద్దోళ్లకు "ఇది ఉత్త ఆటకే" అని చెప్పి నలభై వేలు అడగాలె. పత్తికి పెట్టుబడి లెక్క చూసుకునే ఇంట్లో ఆ మాట నోట్లో నుంచి రాదు.

గేమ్‌బాయ్‌ను గెలిపించిన స్నేహితుల సంగతి గుర్తుందా? మన దగ్గర ఆ బలం బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి ఫోన్ గేమ్స్‌కు ఉంది. నలుగురు దోస్తులు నాలుగు ఫోన్లతో ఒకే జట్టు. అందులో ఒకడు స్విచ్ కొంటే వాడు ఒంటరైతడు.

ఫోన్ దిక్కు కూడా ఒక లోపం ఉంది, అది కూడా చెప్పాలె. ఆన్‌లైన్ ఆట మన చేతిలో ఉండదు. 2020 సెప్టెంబర్ 2న పబ్జీని నిషేధించిండ్రు. 2021 జూలైలో బీజీఎంఐగా వచ్చింది, 2022 జూలైలో మళ్లీ పోయింది, 2023 మేలో తిరిగి వచ్చింది. కన్సోల్‌లో కొన్న కార్డు ఆట అట్ల మాయం కాదు. నిజంగా ఆటలంటే ప్రాణం పెట్టేటోనికి కన్సోల్ విలువ ఇక్కడ తెలుస్తది. కానీ అట్లాంటోళ్లు మన మండలంలో ఎందరున్నరు అన్నదే ప్రశ్న.

కొందరు, కన్సోల్ ఎందుకు, ఇంక అంతా క్లౌడ్ గేమింగే అంటరు. ఆట ఎక్కడో సర్వర్లో నడుస్తది, మన తెర మీద వీడియో లాగ వస్తది. లెక్క చూద్దాం. ఆట సాఫీగా రావాలంటే సెకనుకు 15 మెగాబిట్లు కావాలె అనుకుంటే, గంటకు 6.75 జీబీ అయితది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నోనికి 13 నిమిషాల్లో డేటా అయిపోతది. ఇంటికి ఫైబర్ నెట్ ఉన్నోళ్లకే అది.

లక్షన్నర లెక్క

రెండు రాగ్ అలైలు తెస్తే, వచ్చినప్పటి ధరకు 1,39,980 రూపాయలు. లక్షన్నర అక్కడికే అయిపోయినట్టు. అవి ఆర్నెల్లు షాపులో కూర్చుంటే ఏమైతది? 2023లో అలై, 2024లో అలై ఎక్స్, 2025లో ఎక్స్‌బాక్స్ అలై. ఏడాదికొక కొత్తది వస్తున్నది. కొత్తది వచ్చిన రోజే పాతదాని ధర ఆన్‌లైన్లో పడ్తది. నీ దగ్గరికి వచ్చినోడు ఫోన్ తీసి ఆ ధర చూపిస్తడు. సంఘం లోను వడ్డీ మాత్రం ఆగదు, నెలనెలా కట్టాలె.

స్విచ్‌లు తెస్తే మూడు రావొచ్చు. కానీ ఒక్కదాని తెర పోయినా, బటన్ పనిచేయకపోయినా కంపెనీ పలకదు. కొన్నోడు నీ మొహమే చూస్తడు. ఊర్లో షాపు నడిచేదే నమ్మకం మీద.

ఆన్‌లైన్లో అగ్గువకు దొరికే '400 ఇన్ 1' డబ్బాలు ఉన్నయి కదా అంటవు. జాతరల్లో, పుట్టినరోజు కానుకలకు పోతయి, నిజమే. కానీ అందులో నింపిన పాత ఆటలు చాలావరకు అసలు కంపెనీల అనుమతి లేకుండ ఎక్కించినవి. బ్యాటరీలు కూడా ఎట్లుంటయో చెప్పలేం. బిల్లు ఇచ్చి, నీ పేరు పెట్టుకొని అమ్మే వస్తువు కాదది.

అందుకే నా సలహా ఇది. స్టాక్ పెట్టకు. ముందు ఒక నోటుబుక్కు తీసుకొని మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు నీకు తెలిసినోళ్లల్లో నలభై వేలకు పైన పెట్టి కన్సోల్ కొంటరనుకునే పదిమంది పేర్లు రాయి. వాళ్లకు ఫోన్ చెయ్యి. అందులో ముగ్గురు రెండు వేల చొప్పున అడ్వాన్స్ ఇస్తే, హైదరాబాద్‌లో కంపెనీ అధికారిక షాపుకు తీసుకపోయి వాళ్ల పేరు మీదనే బిల్లు చేయించి ఇప్పియ్యి. నీకు కమీషన్ మిగుల్తది, నీ పైసలు ఇరుక్కోవు. ముగ్గురు కూడా దొరకకపోతే, మార్కెట్ నీకు జవాబు చెప్పినట్టే.

షాపులో పెట్టాలనుకుంటే, ఫోన్‌కు తగిలించుకునే గేమ్ కంట్రోలర్లు నాలుగు తే. ఫోన్ వెనక పెట్టుకునే చిన్న కూలింగ్ ఫ్యాన్లు, మంచి ఇయర్‌ఫోన్లు, ఫాస్ట్ చార్జర్లు తే. పది పదిహేను వేలకు మించకు. ఫోన్ ఉన్న ప్రతి పిల్లగాడూ వీటికి గిరాకీనే. రెండు నెలలు చూడు, పోయినవే మళ్లీ తే.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు గేమ్ కన్సోల్ అడిగితే కొందరు "పైసలు పెట్టి ఆడే గేమ్" అని భయపడ్తున్నరు. రెండూ వేరు. పైసలు కాసి ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటి వాటిని తెలంగాణలో 2017లోనే నిషేధించిండ్రు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. కన్సోల్ మీద ఆ నిషేధం లేదు. అందులో ఎక్కువ ఆటలు ఒకసారి కొంటే అయిపోతయి. అయితే కార్డు వివరాలు పిల్లల ఖాతాలో సేవ్ చేసి పెట్టకండి, లోపల అదనంగా కొనే వస్తువులు ఉంటయి. కొనిచ్చే స్తోమత ఉండి, పిల్లగాడు నిజంగా ఆడతడనుకుంటే, వారంటీ ఉన్నదే తీసుకోండి.

ఎప్పుడు మారొచ్చు?

ఇదంతా ఇప్పటి మాట. మూడు సంగతులు మారితే నా జవాబు కూడా మారుతది. నింటెండో మన దేశంలో నేరుగా అమ్మకం, సర్వీస్ మొదలుపెట్టాలె. లేకపోతే మంచి హ్యాండ్‌హెల్డ్ ధర ఇరవై వేల లోపుకు రావాలె. లేకపోతే ఫోన్ లాగానే దీనికి కూడా ఊర్లో ఈఎంఐ దొరకాలె. ఒక్కటి జరిగినా తమ్ముడు మళ్లీ ఫోన్ చెయ్యొచ్చు, మళ్లీ లెక్క చూద్దాం.

ఇదంతా చెప్పినంక తమ్ముడు కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ తీసుకున్న లోను రేపే తిరిగి కట్టేస్త అన్నా, కంట్రోలర్లు మాత్రం నాలుగు తెస్త" అన్నడు. నాకు కూడా అప్పుడే మనసు నిమ్మళమైంది.

మీ ఊర్లో షాపు పెట్టినోళ్లు ఎవరన్నా ఈ కన్సోళ్లు అమ్మి చూసిండ్రా? అమ్మి ఉంటే ఏది పోయింది, ఏది మిగిలిపోయిందో నాకు చెప్పండి, నా లెక్క తప్పైతే సరిచేసుకుంట. వచ్చే ఎపిసోడ్‌లో పాత ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీని ఎట్ల పరీక్ష చెయ్యాలో చూద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.